పండగ అయిపోయిందని ఏడ్చే ఊరు

పాంప్లోనా, స్పెయిన్,
జూలై 15

అక్కా,

ఎద్దుల పరుగు వీడియో చూసి అమ్మ కంగారుపడిందని రాశావు. నేను పరిగెత్తలేదని చెప్పు. పొద్దున ఎనిమిదింటికి వీధుల్లో పరిగెత్తించిన ఎద్దుల్నే సాయంత్రం బరిలో చంపుతారు. ఆఫీసులో ఒకాయన దానికి ఊరికే టికెట్ ఇస్తానన్నా నేను వద్దన్నాను. నీకు రాయాలనుకున్నది నిన్న రాత్రి సంగతి.

ఎద్దుల పరుగు జరిగే ఈ సాన్ ఫెర్మిన్ పండగ (ఫెర్మిన్ అనే క్రైస్తవ సెయింటు పేరిట చేసేది) జూలై 6 మధ్యాహ్నం 12కి, మునిసిపాలిటీ బాల్కనీ నుంచి తారాజువ్వ వదలగానే మొదలవుతుంది. అప్పుడే అందరూ మెడకి ఎర్ర రుమాలు కట్టుకుంటారు. మళ్లీ విప్పేది 14 అర్ధరాత్రే. ఆ ముగింపుని 'పోబ్రె దె మీ' అంటారు, 'అయ్యో పాపం నేను' అని.

పదకొండింటికి పాత కోట దగ్గర బాణసంచా కాల్చారు. అది చూసుకుని మునిసిపాలిటీ ముందుకి చేరాం. అసలే చిన్న చౌకు, కాలు కదపడానికి లేదు. అందరి చేతుల్లో కొవ్వొత్తులు. నా చెప్పుల మీదంతా మైనమే! మేయర్ బాల్కనీలోకి వచ్చి పండగ అయిపోయిందన్నారు. బ్యాండు మొదలైంది, జనం పాట అందుకున్నారు. మా అకౌంట్స్ పెద్దాయన ఆఫీసులో నవ్వగా చూడలేదు నేను. ఆయన భుజాలు ఎగరేస్తూ దొంగ ఏడుపు ఏడ్చి, రుమాలు విప్పి, ఆ వెంటనే 'వచ్చే పండక్కి ఒక రోజు తగ్గింది' అన్నాడు. అందరూ అదే మాట.

మనం నిమజ్జనంలో దేవుణ్ణి సాగనంపుతాం. ఇక్కడ ఫెర్మిన్ సాన్ లొరెంజో చర్చిలో ఉన్నచోటే ఉంటాడు. వీళ్లు తమ కోసమే ఏడుస్తారు. కొందరు రుమాళ్లు తీసుకెళ్లి ఆ చర్చి గుమ్మం దగ్గర కట్టి వచ్చారు. తిరిగొచ్చే దారంతా ఒలికిన వైన్ కంపు, అది వేరే సంగతి.

ఇవాళ పొద్దున ఎనిమిదింటికి ఇంకో తమాషా. పండగ వదలబుద్ధి కానివాళ్లు ఒకప్పుడు ఎద్దుల బదులు సిటీ బస్సు ముందు పరిగెత్తేవారట. ఇప్పుడు బస్సు పోయి సైకిల్ వచ్చింది. టూర్ దె ఫ్రాన్స్ సైకిల్ పందెం 5 సార్లు గెలిచిన ఇందురాయిన్ ఈ పక్క ఊరివాడేలే. ఆయనలా పసుపు చొక్కా వేసుకుని ఒకడు తొక్కుతుంటే, వీళ్లు 'ప్రాణభయంతో' ముందు పరుగు.

జనవరి 1, ఫిబ్రవరి 2, మార్చి 3, ఇలా మెట్లెక్కినట్టు ఫెర్మిన్ రోజైన జూలై 7 దాకా లెక్కపెట్టుకుని, ఆ తేదీల్లో స్నేహితులు కలిసి భోంచేస్తారు. పెద్దాయన నన్ను అప్పుడే జనవరి 1కి పిలిచాడు. మాంసం లేనిదేమైనా వండుతారా అంటే 'చేపలుంటాయి' అన్నాడు.

నీ చెల్లెలు