నాన్నగారి సీప్యాప్ మెషిన్‌తో డాలస్ ప్రయాణం: సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. మా నాన్నగారు కాకినాడ నుంచి డాలస్‌కి సీప్యాప్ మెషిన్‌తో (నిద్రలో ఊపిరి ఆగిపోకుండా మాస్క్ ద్వారా గాలి పంపే పరికరం) సహా క్షేమంగా చేరారు. దాన్ని రైల్లో, విమానంలో ఎలా తీసుకెళ్లాలని అడగ్గానే ఎవరికి తెలిసింది వాళ్లు ఓపిగ్గా చెప్పారు. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చెప్పిన విషయాలు మాత్రం రాస్తున్నాం. ఇదే దారిలో అమ్మానాన్నల్ని పంపేవాళ్లకి పనికొస్తాయి.

ముందుగా మెషిన్ షాపులోని టెక్నీషియన్ తమ్ముడికి ధన్యవాదాలు. అడాప్టర్ మీద 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే అమెరికాలో ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదని, పిన్ను మార్చే చిన్న ప్లగ్ చాలని చెప్పాడు. బ్యాటరీ లెక్క నేర్పిందీ అతనే. హ్యూమిడిఫయర్ (గాలికి తేమనిచ్చే భాగం), వేడి ట్యూబ్ రెండూ ఆపేస్తే ప్రెషర్ 10 దగ్గర మెషిన్ లాగేది సుమారు 8 నుంచి 12 వాట్లు. అవి నడుస్తుంటే 50 వాట్ల దాకా పోవచ్చు. 95 వాట్-అవర్ల బ్యాటరీ (95 వాట్లు గంటసేపు ఇవ్వగలిగేది) రాత్రంతా రావాలా, రెండు గంటల్లో అయిపోవాలా అన్నది ఇక్కడే తేలిపోతుంది. మాస్క్ లీకైనా మోటారు ఎక్కువ తిరిగి చార్జ్ త్వరగా దిగిపోతుంది. నాన్నగారి మెషిన్ 24 వోల్టులది. దానికి 12 వోల్టుల బ్యాటరీ నేరుగా తగిలించకూడదు, ఆ మోడల్‌కి సరిపడే కన్వర్టర్ కేబుల్ ఉండాల్సిందే.

హైదరాబాద్ దాకా రాత్రి రైలు. ఏసీ బోగీలో ప్లగ్ పాయింట్ 110 వోల్టులదని, ఫోన్లు, లాప్‌టాప్‌ల కోసం పెట్టిందని, చాలా బండ్లలో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా దానికి కరెంటు ఆపేస్తారని రైల్వేలో పనిచేసే బాబాయిగారు ముందే హెచ్చరించారు. అడిగితే టీటీఈ, బోగీ ఎలక్ట్రీషియన్ సాయం చేస్తారు గానీ దాన్నే నమ్ముకుని ఎక్కకూడదు, బ్యాటరీ చేతిలో ఉండాలి. దుప్పటి జారి మెషిన్ వెనక ఫిల్టర్‌ని కప్పేస్తే గాలి అందదు, కాబట్టి ఆ వైపు గోడకీ బట్టకీ కాస్త ఎడంగా పెట్టమన్నారు. బెర్తు మీద ఇది తేలిగ్గా జరిగేదే.

విమానం విషయంలో ఊపిరితిత్తుల డాక్టరు మేడమ్‌గారికి, ఎయిర్‌లైన్ సహాయ విభాగంలో ఫోనెత్తిన అమ్మాయికి రుణపడి ఉంటాం. మేడమ్ పాస్‌పోర్టులోని పేరుతో లెటర్ ఇచ్చారు. అందులో జబ్బు పేరు, దానికి వైద్యులు వాడే జి47.33 కోడ్, ప్రెషర్ సెట్టింగులు, మెషిన్ సీరియల్ నంబరు ఉన్నాయి. విమానంలో వాడాలనుకుంటే ఎయిర్‌లైన్‌కి 48 గంటల ముందే చెప్పాలి. అమెరికా నిబంధనల ప్రకారం ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు సరిపడా బ్యాటరీలు తెమ్మని ఎయిర్‌లైన్ అడగొచ్చు, అంటే 16 గంటల విమానానికి 24 గంటలు. విడి బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల లోపైతే అనుమతి అక్కర్లేదు, 100 నుంచి 160 దాకా అయితే ఎయిర్‌లైన్ ఒప్పుకోవాలి, అవీ రెండే. మెషిన్‌లో సిమ్ ఉంటే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టాలి. సీటు దగ్గరి ప్లగ్ లోడ్ ఎక్కువైతే దానంతటదే ఆగిపోతుంది, కాబట్టి అక్కడా హ్యూమిడిఫయర్ ఆపే ఉంచాలి.

మెషిన్‌ని చెకిన్‌లో వేయొద్దని అందరూ ఒకే మాటగా చెప్పారు. సామాను రెండు రోజులు ఆలస్యమైతే ఆ రెండు రాత్రులూ ఏం చేస్తాం? వైద్య పరికరం కాబట్టి అమెరికా నిబంధనల్లో అది చేతిసామాను లెక్కలోకి రాదు. హ్యూమిడిఫయర్ నీళ్ల డబ్బా మాత్రం పూర్తిగా ఖాళీ చేసి, ఆరబెట్టి, విడిగా తీసి పెట్టుకోవాలి. మిగిలిన చుక్కలు మోటారులోకి పోతే మెషిన్ పాడవుతుంది. అమెరికా సెక్యూరిటీలో మెషిన్ ఒక్కటే ట్రేలో పెడితే చాలు, మాస్కూ ట్యూబూ సంచిలోనే ఉండొచ్చు. ట్రే మురికి అంటకుండా పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులో పెట్టమన్న అక్కకి ప్రత్యేక ధన్యవాదాలు.

డాలస్‌లో పక్కింటి తెలుగువాళ్లు హ్యూమిడిఫయర్‌లో పోయడానికి డిస్టిల్డ్ వాటర్ గ్యాలన్ డబ్బా కొని సిద్ధంగా ఉంచారు, కిరాణా దుకాణాల్లోనే దొరుకుతుంది. చల్లటి గదిలో ట్యూబ్‌లో నీళ్లు చేరి గుటగుటలాడితే తేమ ఒక మెట్టు తగ్గించాలి, లేదా ట్యూబ్‌ని దుప్పటి కిందుగా రానివ్వాలి. ఈ చిట్కా కూడా వాళ్లదే.

డాక్టరు లెటర్ నమూనా కావాలంటే అడగండి, వ్యక్తిగత వివరాలు తీసేసి పంపిస్తాం.