నా కాళ్ళకు సాక్సులు తొడిగిన పెద్దావిడకు

రాత్రి పన్నెండున్నర అయింది. గడ్డం కింద 5 కుట్లతో మా బుజ్జిగాడు పక్కనే నిద్రపోతున్నాడు. నాకు నిద్ర రావడం లేదు, రాయకుండా ఉండలేకపోతున్నాను. తప్పులుంటే ఏమనుకోకండి.

ఇక్కడ అమెరికాలో, షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉండేవాళ్ళకి రోటరీ హిల్ తెలుసు కదా, రివర్‌వాక్ పక్కన, మోజర్ టవర్ గంటలు మోగే చోటు. మంచు పడిందంటే పిల్లలంతా అక్కడే. వాడికి నాలుగేళ్ళు, స్లెడ్డింగ్, అంటే స్లెడ్ మీద కూర్చుని మంచు కొండ మీంచి కిందకి జారడం, ఇదే మొదలు. షాపులో గుండ్రటి ప్లాస్టిక్ స్లెడ్ చూసి అదే కావాలన్నాడు, కొనేశాం. ఆ పళ్ళెం లాంటిది మన చెప్పుచేతల్లో ఉండదని, ఎటు తిరిగితే అటే పోతుందని మాకు తెలియదు. మూడోసారి దిగుతూ వెనక్కి తిరిగిపోయి, కింద ఆగి ఉన్న ఇంకో స్లెడ్ అంచుకి కొట్టుకున్నాడు. మంచు మీద రక్తం చూసేసరికి నా నోట మాట రాలేదు.

ఆవిడకి డెబ్బై ఏళ్ళుంటాయేమో, మనవరాళ్ళతో వచ్చారు. మావారు వాణ్ణి ఎత్తుకోబోతే ఆపి, మెడ కదిలించొద్దని చెప్పి, మంచులోనే మోకాళ్ళ మీద కూర్చుని, వేళ్ళు ఆడించు నాన్నా, ఎక్కడ నొప్పో చూపించు అన్నట్టు వాడితోనే మెల్లగా మాట్లాడారు. తన స్కార్ఫ్ మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టారు. మా కారు ఎక్కడో దూరంగా ఉంది, మావారు తెచ్చేలోపు మమ్మల్ని తన కారులో కూర్చోబెట్టి హీటర్ వేశారు.

అప్పుడు నా కాళ్ళు చూశారు. వాడికి స్నో ప్యాంట్లు, బూట్లు అన్నీ కొన్నాను గానీ నేను మామూలు షూస్‌తో వెళ్ళిపోయాను. లోపలంతా తడిసి వేళ్ళు మొద్దుబారిపోయాయి, ఆ టెన్షన్‌లో నాకే తెలియలేదు. ఆవిడ కారు తలుపు దగ్గర వంగి, షూస్ విప్పి, తడి సాక్సులు లాగేసి, నా పాదాలు రెండు చేతుల్లోకి తీసుకుని వేడెక్కేదాకా అలాగే పట్టుకుని, సంచిలోంచి పొడి ఊలు సాక్సులు తీసి తొడిగారు. అంత పెద్దావిడ నా కాళ్ళు పట్టుకోవడమేమిటని వెనక్కి లాక్కోబోయాను, వదల్లేదు. అప్పటిదాకా ఏడవని నేను అప్పుడు ఏడ్చాను. మా అమ్మ పోయి రెండేళ్ళు, మళ్ళీ నా పాదాలు అలా పట్టుకున్నవాళ్ళు లేరు. చిన్నప్పుడు అంబాజీపేటలో కొబ్బరి మట్ట మీద కూర్చోబెట్టి అన్నయ్య నన్ను లాగేవాడని, ఆ సరదా వీడికి చూపిద్దామనుకున్నానని ఏవేవో చెప్పాను. అన్నీ విన్నారు. వచ్చేసారి పొడవాటి స్లెడ్ తెచ్చుకో, వాణ్ణి ముందు కూర్చోబెట్టుకుని నువ్వూ ఎక్కు, కాళ్ళు ముందుకే ఉండాలి, హెల్మెట్ పెట్టు అన్నారు. వచ్చేసారి అన్నారు చూడండి, ఆ మాటకే సగం ధైర్యం వచ్చింది.

పేరు కూడా అడగలేదు. అదే బాధగా ఉంది.

తర్వాత సంగతి రాయకూడదనుకున్నాను గానీ, అర్జెంట్ కేర్ అని అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్ళే క్లినిక్‌లో చిన్నపిల్లల మొహం మీద కుట్లు మేం వేయం, ఎమర్జెన్సీకి వెళ్ళండన్నారు, అక్కడ నాలుగు గంటలు కూర్చోబెట్టారు. ఇన్సూరెన్స్ కార్డు మూడుసార్లు అడిగారు, నొప్పి ఎలా ఉందని వాణ్ణి ఒక్కసారి అడిగారు. ఎంతవుతుందంటే ఎవరూ చెప్పరు, బిల్లు ఇంటికొస్తుందట. నాలుగేళ్ళ పిల్లాడు ఆకలికి, నిద్రకి ఏడుస్తుంటే ఇదేం పద్ధతండీ.

మావారు, అత్తయ్యగారు ఉన్నారు, వాళ్ళకి వేరే థాంక్స్ చెప్పక్కర్లేదు. కుట్లు వేసేటప్పుడు వాడికి ఫోన్‌లో బొమ్మలు చూపించిన నర్సుకి చాలా థాంక్స్. చారన్నం పంపిన పక్కింటి అక్కకి కూడా.

అయ్యో, మా స్లెడ్ కొండ దగ్గరే వదిలేస్తే పరిగెత్తుకొచ్చి కారులో పెట్టిన కుర్రాడు ఒకడున్నాడు. అతనికి కూడా. సాక్సులు ఉతికి ఆరేశాను. శనివారం అదే టైమ్‌కి కొండ దగ్గర ఉంటాను, ఆవిడ ఎవరికైనా తెలిస్తే ఈ ఒక్క మాట చెప్పండి.