మన వయోవృద్ధుల సంఘం, కర్నూలు: వార్షిక నివేదిక 2024–25

సంఘం సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనుల నివేదిక ఇది. జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం, సర్వసభ్య సమావేశంలో కోశాధికారి చదివి వినిపిస్తారు. ఉగాది పచ్చడి, కంటి పరీక్షల శిబిరం, పెన్షనర్లకు లైఫ్ సర్టిఫికెట్ల సాయం ఎప్పటిలాగే జరిగాయి. ఈ ఏడాది మన సమయమంతా, కొన్ని మాట పట్టింపులతో సహా, ఒకే పనికి పోయింది. అది పడిపోకుండా నిలకడగా నిలబడటం నేర్పే వ్యాయామ తరగతి.

ఈ తరగతి ఎందుకు పెట్టామో చాలామందికి తెలుసు. మనలో తుంటి ఎముక విరిగి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లున్నారు. ఆ తర్వాత గడప దాటడమే మానుకున్నవాళ్లూ ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారు. అనుకోని గాయాల మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే, అందులోనూ 60 ఏళ్లు దాటినవాళ్లే ఎక్కువ. 65 దాటినవాళ్లలో ప్రతి ముగ్గురిలో ఇంచుమించు ఒకరు ఏడాదికి ఒక్కసారైనా పడతారట.

మొదట్లో పెద్ద అభ్యంతరం వాకింగ్ బ్యాచ్ నుంచే వచ్చింది. "రోజూ పొద్దున్నే స్టేడియంలో రౌండ్లు వేస్తానే ఉన్నాం, మళ్లీ ఇదెందుకు?" అన్నారు. నడక గుండెకు, షుగరుకు, మనసుకు మంచిదే, ఎవరూ మానొద్దు. కానీ పడటం తగ్గించే విషయంలో ఒక్క నడకనే నమ్ముకునేందుకు గట్టి ఆధారం లేదు. 25 దేశాల్లో 23,407 మంది మీద జరిగిన 108 పరిశోధనలను కలిపి 2019లో సమీక్ష ఒకటి వచ్చింది, వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచి చూసే కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ నుంచి. వ్యాయామంతో పడటం సగటున 23 శాతం తగ్గుతుందని, అందులో బాగా పనిచేసేవి బ్యాలెన్స్ వ్యాయామాలు, కూర్చుని లేవడం వంటి రోజువారీ కదలికలేనని అది తేల్చింది. వాటికి కండరాల బలం పెంచేవి కూడా తోడైతే మేలు ఇంకా ఎక్కువ కనిపించింది. నడక ఒక్కదాని గురించి మాత్రం గట్టిగా ఏమీ చెప్పలేకపోయింది.

కారణం మన ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి చెప్పింది (మన సభ్యుల్లో ఒకరి కోడలే, పైసా తీసుకోలేదు). మనిషి నిలబడటానికి మూడు చోట్ల నుంచి కబురు అందాలి: కళ్లు, లోపలి చెవి, అరికాళ్లు-కీళ్లు. వయసుతో ఈ మూడూ మందగిస్తాయి. షుగర్ ఉన్నవాళ్లకు అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది, శుక్లం ఉంటే మెట్టు అంచు కనపడదు. దానికి తోడు తొడలు, పిక్కలు బలహీనపడితే, తూలినప్పుడు చటుక్కున అడుగేసి ఆపుకునే శక్తి పోతుంది. చదును నేల మీద నేరుగా నడిస్తే ఈ ఆపుకోవడం అలవాటు కాదు. కొంచెం తూలేంత కష్టం ఉండాలి, పట్టుకునేందుకు పక్కనే గోడో కుర్చీయో ఉండాలి. తరగతి అంతా ఈ రెంటి మధ్యే నడుస్తుంది.

తరగతి మన హాల్లోనే, వారానికి మూడు రోజులు. 65 దాటినవాళ్లు వారంలో కనీసం మూడు రోజులు బ్యాలెన్స్, బలం పెంచే వ్యాయామాలు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. హాల్లోని బేతంచెర్ల బండలు ఇక్కడ మనకు కలిసొచ్చాయి. బండకూ బండకూ మధ్య అతుకు గీత సుద్దముక్క అవసరం లేకుండా తిన్నగా గోడ పక్కనే పోతుంది. దాని మీద కుడి మడమ ఎడమ కాలి బొటనవేలికి తగిలేలా పెట్టి నిలబడాలి. చూసేవాళ్లకు ఇదో పనా అనిపిస్తుంది. నిలబడ్డాక రెండో సెకనుకే చీలమండలు గజగజలాడతాయి, చేతులు వాటంతటవే లేస్తాయి, చూపు కాళ్ల మీదికి పోతుంది. "కిందికి చూడొద్దు, ఎదురుగా గడియారం చూడండి" అని ఆ అమ్మాయి అంటూనే ఉంటుంది. పది సెకన్లు అలా నిలవలేనివాళ్లకు పడే ముప్పు ఎక్కువని లెక్క. అది వచ్చాక అదే గీత మీద అడుగులు, తర్వాత ఒంటికాలు, తర్వాత పక్కవాళ్లతో మాట్లాడుతూ నడక. మాట్లాడుతూ నడవడమే అన్నిటికన్నా కష్టమని తేలింది. మనవాళ్లలో మాటలకు లోటు లేకపోయినా.

కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం ఇంకొకటి. "కుర్చీలోంచి లేచేదానికి కూడా ట్రైనింగా సామీ?" అని నవ్విన పెద్దాయనకు ఐదోసారికి ఆయాసం వచ్చింది. ఇప్పుడు ఆయనే కొత్తవాళ్లకు చూపిస్తున్నాడు. ప్లాస్టిక్ కుర్చీలు జారుతున్నాయని వాటిని పక్కన పెట్టి, స్టోర్‌రూంలోని పాత చెక్క కుర్చీలు గోడకు ఆనించి వాడుతున్నాం.

నేల మీద నుంచి లేవడం కూడా నేర్పించారు. పడ్డాక ఎముకకు ఏమీ కాకపోయినా లేవలేక గంటలకొద్దీ అలాగే ఉండిపోయేవాళ్లుంటారు. ముందు పక్కకు ఒత్తిగిలి, మోచేయి మీద లేచి, చేతులూ మోకాళ్ల మీదికి వచ్చి, దగ్గరున్న మంచమో కుర్చీయో పట్టుకుని ఒక పాదం ముందు నేలకు ఆనించి, అప్పుడు లేవాలి. నేల మీద పీటేసుకుని తిన్న తరం మనది. డైనింగ్ టేబుళ్లు వచ్చాక ఈ విద్య మరిచిపోయాం.

ఆడవాళ్లకు సాయంత్రం వేరే బ్యాచ్ పెట్టాం. మగవాళ్ల ముందు తూలితే నవ్వుతారని టెన్షన్ పడుతున్నారని మహిళా కార్యవర్గ సభ్యురాలు పట్టుబట్టారు, ఆమె మాటే రైటయింది. హాజరులో ఆ బ్యాచే ముందుంది. కుచ్చిళ్లు కాలికింద పడుతున్నాయని చీర కాస్త పైకి కట్టుకుని రమ్మన్నాం, కొందరు పంజాబీ డ్రెస్సులకు మారారు. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్న సభ్యులకు తేలికపాటివి మాత్రమే చేయించాం.

అక్టోబర్ 1న అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవానికి పరీక్ష పెట్టాం. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. దానికి 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ సమయం తీసుకుంటే జాగ్రత్త పడాలని అర్థం. 1953లో అదే తేదీన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మన కర్నూలు రాజధాని అయిందని ఒకరు గుర్తుచేయడంతో కార్యక్రమం గంట ఆలస్యంగా మొదలైంది. మార్చిలో మళ్లీ పెడితే మానకుండా వచ్చినవాళ్లలో ఎక్కువమంది తొందరగా పూర్తిచేశారు. అంతమాత్రాన మన సంఘంలో పడటాలు తగ్గాయని చెప్పుకోలేం, మన మంది కొద్ది, గడిచింది ఒక్క ఏడాది. హాల్లో పెట్టిన పుస్తకంలో పడినవాళ్లు నిజాయితీగా రాస్తేనే ముందుముందు ఏదైనా తెలుస్తుంది. కొందరు పరువు పోతుందని రాయడం లేదు.

వ్యాయామం ఒక్కటే చాలదని కొందరి ఇళ్లు కూడా చూసొచ్చాం. పసుపు రాసిన పెద్ద గడప ఎవరినీ పడేయడం లేదు, అది అందరికీ కనిపిస్తుంది. ప్రమాదమంతా బాత్రూం ముందుండే బెత్తెడు సిమెంటు గట్టు దగ్గర, నీళ్లు పడితే జారే పాలిష్ బండల దగ్గర, అరిగిపోయిన హవాయి చెప్పుల దగ్గర ఉంది. బాత్రూం గోడకు స్టీల్ పిడి బిగిస్తే ఖర్చు ఎక్కువేం కాదు. గోడ పాడవుతుందని అడ్డుచెప్పిన కొడుకులతో మాట్లాడాల్సి వచ్చింది. మంచం మీది నుంచి లేవగానే కళ్లు తిరిగేవాళ్లు పడుకున్నప్పుడు, నిలబడ్డాక రెండుసార్లూ బీపీ చూపించుకోవాలి. పై అంకె 20 పాయింట్లు, అంతకుమించి పడిపోతుంటే డాక్టరుకు చెప్పాలి. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు సొంతంగా ఆపొద్దు. ఈ మధ్యే ఎముక విరిగినవాళ్లు, తరచూ తల తిరిగేవాళ్లు డాక్టరును అడిగాకే తరగతికి రండి.

మే నెల ఎండలకు తరగతి ఆపేశాం. జూన్‌లో మళ్లీ మొదలుపెడితే చాలామందికి ఒంటికాలి నిలకడ పోయి ఉంది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి వ్యాయామాలనే ఇంట్లో చేసుకునేలా తయారుచేశారు, అరగంట చొప్పున వారానికి మూడుసార్లు. ఆ పద్ధతిలోనే మనకు పనికొచ్చేవి కొన్ని బొమ్మలతో ఒక కాగితం మీద అచ్చువేయించి ఇచ్చాం. ఈ వేసవికి సెలవు లేదు, హాజరు హాల్లో కాకుండా వాట్సాప్‌లో వేసుకుందాం.

వాకింగ్ దారిలో వెలగని లైట్ల గురించి సంబంధిత కార్యాలయానికి అర్జీ ఇచ్చాం, జవాబు రాలేదు, మళ్లీ ఇస్తాం. ఏ సాయం కావాలన్నా వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉందని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.

సమావేశం ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, హాల్లో గీత పక్క గోడ పొడవునా పట్టుకునే స్టీల్ కడ్డీ బిగించడం. రెండు, తరగతికి రాలేని 80 దాటిన సభ్యుల ఇళ్లకు వారానికోసారి ఇద్దరు సభ్యులు వెళ్లి పక్కనుండి చేయించడం. మొదటిదానికి విరాళాలు కావాలి. రెండోదానికి పేర్లు ఇవ్వాల్సిన పుస్తకం కార్యదర్శి దగ్గర ఉంది.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి