వాగు గట్టు బాట మీంచి సైకిళ్లను తరిమేయొద్దు, వేగం తగ్గించండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. ఊళ్ల మధ్య నుంచి పారే వాగుల వెంట వేసిన బాటల మీద సైకిళ్లను పూర్తిగా ఆపేయాలని, అవి నడిచేవాళ్లకి మాత్రమే ఉండాలని ఈ మధ్య మీ లేఖల పేజీలో ఒకరు రాశారు. ఆ రాసినవారి బాధ నాకు బాగా తెలుసు. వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చిన సైకిల్ మోచేతిని రాసుకుంటూ పోతే గుండె ఝల్లుమంటుంది, ఆ తర్వాత ఎంత దూరం నడిచినా ఆ టెన్షన్ వదలదు, వెనక ఆకు కదిలినా తల తిప్పి చూస్తాం. అయినా సరే సైకిళ్లను ఆపేయడం తప్పు అని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను అలాంటి బాట మీద నడుస్తాను, సైకిలూ తొక్కుతాను. ఇద్దరి కోపం నాకు తెలుసు, ఇద్దరూ కోప్పడాల్సింది ఒకరి మీద ఒకరు కాదని కూడా తెలుసు.

వాగు పక్క బాటకున్న సుగుణం ఏ రోడ్డుకీ రాదు. నీళ్లు పల్లం చూసుకుని పోతాయి కాబట్టి వాటి పక్కన వేసిన బాట కూడా పెద్ద ఎగుడుదిగుళ్లు లేకుండా సాగుతుంది, రోడ్డు అడ్డం వచ్చిన చోటల్లా వాగుతో పాటు వంతెన కింద నుంచి దూరి అవతల తేలుతుంది, అంటే సిగ్నళ్ల దగ్గర ఆగకుండా, బస్సుల పక్కన బిక్కుబిక్కుమంటూ తొక్కకుండా ఊరికి ఆ కొస నుంచి ఈ కొసకి వెళ్లిపోవచ్చు. అందుకే రోడ్డు మీద సైకిల్ తొక్కే ధైర్యం లేనివాళ్లు ఇక్కడ కనిపిస్తారు. బడికెళ్లే పిల్లలు, అరవై దాటాక మళ్లీ సైకిల్ ఎక్కినవాళ్లు, నిన్నమొన్ననే నేర్చుకున్న పెద్దవాళ్లు. ఆపేస్తే వీళ్లంతా ఎక్కడికి పోవాలి? లారీల పక్కకే. లేదంటే సైకిల్ మూలన పెట్టేస్తారు. దూసుకుపోయే నలుగురిని ఆపడానికి వీళ్లందరినీ బయటికి నెట్టడం నాకు న్యాయం అనిపించట్లేదు.

అసలు సమస్య వేగం. కొంచెం లెక్క చూద్దాం. మనిషి మామూలుగా గంటకి 5 కిలోమీటర్లు నడుస్తాడు, సైకిల్ మీద చెమట పట్టకుండానే 20 దాకా పోవచ్చు. గంటకి 20 అంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. ఎదురుగా ఏదో కనపడి, అదేంటో బుర్రకెక్కి, వేళ్లు బ్రేకు మీద బిగిసేసరికే ఓ సెకను అయిపోతుంది, అప్పటికే ఐదున్నర మీటర్లు ముందుకెళ్లి ఉంటాం. ఆ తర్వాత పొడి నేల మీద ఓ మాదిరిగా బ్రేకు పట్టినా ఇంకో ఐదు మీటర్లు కావాలి. మొత్తం పది మీటర్ల పైమాటే. అదే 10 వేగంతో వస్తుంటే నాలుగు మీటర్లలో ఆగిపోతాం. దెబ్బ సంగతి ఇంకా దారుణం, వేగం రెట్టింపైతే గుద్దే శక్తి నాలుగింతలవుతుంది. ఇప్పుడు వాగు బాటని తలుచుకోండి. వాగు వంకర తిరిగిన చోటల్లా బాటా వంకర తిరుగుతుంది, ఆ మలుపు లోపలి వైపు పొదలు పెరిగి ఉంటాయి, అవతల ఏముందో ఏడెనిమిది మీటర్ల దాకా వచ్చాకగానీ కనపడదు. పది మీటర్లలో ఆగే బండి ఎనిమిది మీటర్ల చూపున్న చోట ఎంత నేర్పరి తొక్కినా ఆగదు. ఎదురుగా ఇంకో సైకిల్ కూడా అదే వేగంతో వస్తుంటే మరీ ఘోరం, ఉన్న ఆ ఎనిమిది మీటర్లనే ఇద్దరూ పంచుకోవాలి.

ఎలక్ట్రిక్ సైకిళ్లు వచ్చాక ఇది ఇంకా ముదిరింది. యూరోపియన్ యూనియన్‌లో మామూలు సైకిల్‌తో సమానంగా చూసే ఎలక్ట్రిక్ సైకిల్‌కి మోటారు 250 వాట్లు దాటకూడదు, పెడల్ తొక్కుతుంటేనే సాయం చేయాలి, గంటకి 25 కిలోమీటర్లు అందుకోగానే ఆ సాయం ఆగిపోవాలి. అది రోడ్డుకి సరిపోయే నిబంధన. మలుపుల బాట మీద 25 చాలా ఎక్కువ, పైగా ఆ బండ్ల బరువు కూడా మామూలు సైకిల్ కన్నా ఎక్కువే. పెడల్ తొక్కే పనే లేకుండా హ్యాండిల్ తిప్పితే దూసుకెళ్లేవాటిని మాత్రం నా లెక్కలో స్కూటర్లుగానే చూడాలి, వాటికి ఈ బాట మీద చోటే ఉండకూడదు. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

బెల్ గురించి కూడా చెప్పాలి. 1968 వియన్నా రోడ్డు రవాణా ఒప్పందంలోనే సైకిల్‌కి తగినంత దూరం వినిపించే బెల్ ఉండాలని రాసి ఉంది, కాబట్టి ఇదేమీ కొత్త కోరిక కాదు. మనలో చాలామంది దాన్ని కొట్టే చోటు తప్పు. నడిచే మనిషి వీపు దగ్గరికి, రెండు మూడు మీటర్ల దూరానికి వచ్చి ట్రింగ్ అనిపిస్తారు. అప్పుడు ఏమవుతుందో ఎప్పుడైనా గమనించారా? ఆ మనిషి ఉలిక్కిపడి భుజం మీదుగా వెనక్కి చూస్తాడు, తల ఎటు తిరిగితే అడుగు అటే పడుతుంది, కుడి వైపు నుంచి చూస్తే కుడికే జరుగుతాడు, సరిగ్గా సైకిల్ వెళ్లాలనుకున్న సందులోకి. అతను అడ్డం వచ్చాడని సైకిల్ మీదున్నాయన విసుక్కుంటాడు. ఇందులో నడిచే మనిషి తప్పేముంది? 20 వేగంతో వచ్చే సైకిల్ 5 వేగంతో నడిచే మనిషిని సెకనుకి నాలుగు మీటర్లకి పైగా తరుముకొస్తుంది, మూడు మీటర్ల నుంచి బెల్ కొడితే అతని చేతిలో ఉండేది ముప్పావు సెకను. ఇరవై మీటర్ల నుంచే ఒక్కసారి మెల్లగా కొట్టి, పెడల్ ఆపి, కొంచెం ఆగి మళ్లీ కొడితే ఐదు సెకన్లు దొరుకుతాయి, నింపాదిగా ఓ పక్కకి జరుగుతాడు. జరిగాక పక్కనుంచి పోతూ ఒక్క మాట, "థాంక్సండీ" అనండి చాలు, రేపు మీ బెల్ విన్నప్పుడు ఆయన ఉలిక్కిపడడు.

జరగకపోతే? ఆగాలి. బెల్ కొట్టాను కదా అని దూసుకుపోయే హక్కు రాదు. ముందు నడుస్తున్న మనిషికి వినికిడి లేకపోవచ్చు, వీపు చూసి మనకి తెలియదు. చిన్నపిల్లలకి బెల్ వింటే ఎటు జరగాలో తోచదు, అమ్మ ఎటు ఉంటే అటే పరిగెడతారు. అందుకే బరువూ వేగమూ ఎవరి దగ్గర ఉన్నాయో జాగ్రత్త బాధ్యత ముందు వాళ్లదే అంటాను, సైకిల్ తొక్కేవాడిగానే అంటాను. నడిచేవాళ్లు చేయాల్సినవీ లేకపోలేదు. నలుగురు వరసగా బాటంతా ఆక్రమించి నడవడం, రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని లోకం మరిచిపోవడం, కుక్క బాటకి ఓ అంచున, మనం ఇంకో అంచున, మధ్యలో మసక వెలుతురులో కనపడని తాడు. వెనక్కి చూడకుండా ఉన్నట్టుండి తిరిగి నడవడం వీటన్నిటికన్నా ప్రమాదం. ఒక్క చెవి ఖాళీగా ఉంచుకోండి, తిరిగే ముందు ఒక్కసారి వెనక్కి చూడండి, అంతే అడుగుతున్నాను.

ఇక బాటలు వేసేవాళ్ల సంగతి. సగం గొడవలకి మూలం వెడల్పు. అమెరికాలో రోడ్ల ఇంజనీర్లు పాటించే ఆష్టో మార్గదర్శకాల ప్రకారం నడిచేవాళ్లూ సైకిళ్లూ రెండు దిక్కులా కలిసి వాడే బాట మామూలుగా కనీసం 10 అడుగులుండాలి, రద్దీ ఉంటే ఇంకా ఎక్కువ, దానికి తోడు రెండు పక్కలా కాలు పెట్టగలిగే చదునైన అంచు ఉండాలి. ఆ 10 అడుగులు ఏ మూలకి సరిపోతాయి? ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడిస్తే నాలుగైదు అడుగులు పోయాయి, ఎదురుగా మరో ఇద్దరు వస్తే బాట నిండిపోయింది, సైకిల్‌కి చోటే లేదు. ఆరడుగుల బాట వేసి, మధ్యలో తెల్ల గీత గీసి, అటు సైకిల్ బొమ్మ ఇటు మనిషి బొమ్మ వేసేస్తే పనైపోయినట్టు కాదు. పైగా నేను చూసినంతలో ఆ గీత చేటే చేస్తుంది, గీతకి ఇవతల నా రాజ్యం అనుకుని సైకిల్ వేగం పెంచుతారు, గీత మీద అడుగు పడితే చాలు నడిచేవాళ్ల మీద అరుస్తారు.

విడదీయాలంటే నిజంగా విడదీయండి. అమెరికాలోని డెన్వర్ నగరం నడిబొడ్డున చెర్రీ క్రీక్ అనే వాగు పారుతుంది, అక్కడ ఓ గట్టు బాట సైకిళ్లకి, అవతలి గట్టు బాట నడిచేవాళ్లకి. వాగుకి ఎలాగూ రెండు గట్లుంటాయి కదా, ఉన్న చోటనే వాడుకున్నారు. రెండు గట్లూ దొరకని చోట సైకిల్ బాట పక్కన కాస్త ఎడంగా మట్టి కాలిబాట వదిలినా చాలు, పరిగెత్తేవాళ్లు మోకాళ్లకి మెత్తగా ఉంటుందని దాన్నే ఎంచుకుంటారు.

వెడల్పు కావాలి అనగానే చాలాచోట్ల చేసే పని చూస్తే నాకు భయమేస్తుంది. గట్టు మీది చెట్లు కొట్టేసి, వాగు అంచుని కాంక్రీటు గోడగా కట్టి, ఆ గోడ మీద బాట పరుస్తారు. గట్టుని పట్టుకుని నిలబెట్టేది ఆ చెట్ల వేళ్లే. నీడ పడితేనే వేసవిలో నీళ్లు మరీ వేడెక్కకుండా ఉంటాయి, నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గి చేపలకి ఊపిరాడదు. కాంక్రీటు కాలువలో నీళ్లు నున్నగా జారిపోతాయి కాబట్టి వానొచ్చినప్పుడు ఆ వేగమంతా కిందనున్న పేటల మీద పడుతుంది. సింగపూర్‌లో దీన్ని తిరగరాశారు, బిషాన్ పార్కు పక్కన 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువగా ఉన్న కల్లాంగ్ నదిని పగలగొట్టి, 2012 కల్లా దాన్ని 3 కిలోమీటర్ల పైచిలుకు వంపుల ఏరుగా మార్చేశారు, బాటలు దాని చుట్టూ ఒదిగాయి. వెడల్పు పెంచాలంటే నీళ్ల వైపు కాకుండా ఇవతలి వైపు, ఊరి వైపు జరగండి. చోటు లేదంటారా, అయితే ఆ కాస్త దూరం బాటని సన్నగానే ఉంచి సైకిల్ దిగి నడిపించమని బోర్డు పెట్టండి. వంద మీటర్లు దిగి నడిస్తే ఎవరి కొంపా మునగదు, కొట్టేసిన చెట్టు మాత్రం మన కాలంలో తిరిగి రాదు.

నీటి గురించి అందరూ తేలిగ్గా తీసుకుంటారు. ఊళ్లో నేలంతా కప్పులూ రోడ్లూ అయిపోయాక వాన నీరు ఇంకే దారి లేక నేరుగా వాగులోకి దిగుతుంది, పాదం తడవని వాగు కూడా కొద్ది నిమిషాల్లో పొంగిపోతుంది. ఇక్కడ ఎండ కాస్తూ ఉండొచ్చు, ఎగువన వాన కురిస్తే చాలు. మొదట మునిగేది వంతెన కింది బాటే, ఎందుకంటే అది అన్నిటికన్నా పల్లంలో ఉంటుంది. జోరుగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లుంటే చాలు, పెద్ద మనిషినే పడగొడతాయి. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో రోడ్డు కింద పూడ్చేసిన వాగుని తవ్వి తీసి 2005లో మళ్లీ జనానికి తెరిచారు, చొంగ్గేచన్ అంటారు, అక్కడ వాన జోరందుకుంటే కిందికి దిగే దారులు మూసేస్తారు. సింగపూర్ పార్కులో నీటిమట్టం పెరగగానే హెచ్చరిక దీపాలు, సైరన్ మోగే ఏర్పాటుంది. మిగతా చోట్ల కనీసం ఒక గేటు, ఇంత ఎత్తుకి వస్తే దిగొద్దని వంతెన స్తంభం మీద ఎర్ర గీత అయినా ఉండాలి కదా.

నీళ్లు తీశాక ఇంకో ప్రమాదం మిగులుతుంది. సన్నటి ఒండ్రు పలచటి పొరగా బాట మీద పేరుకుంటుంది, పైన ఆరిపోయి చిన్న చిన్న పెచ్చులుగా పగిలి పొడి నేలలాగే కనపడుతుంది, పెచ్చు కింద మాత్రం సబ్బు రాసినట్టు జారుతుంది. ఎండలోంచి ఒక్కసారిగా వంతెన నీడలోకి వచ్చిన కళ్లకి అది కనపడదు. సరిగ్గా అక్కడే మలుపూ ఉంటుంది. అక్కడ ముందు చక్రం జారితే సైకిల్ వాడూ పడతాడు, పక్కన నడిచేవాళ్లూ పడతారు. వాన వెలిసిన మర్నాడే పారలూ చీపుళ్లూ పట్టుకుని ఆ చోటు శుభ్రం చేసే మనుషులు కావాలి. బాట ప్రారంభించేటప్పుడు రిబ్బన్ కోయడానికి వచ్చినవాళ్లు ఈ ఖర్చు లెక్కలో వేశారా అని అడగాలి. చీకటి పడ్డాక వంతెన కింద దీపాలు కావాలి, అవి నేల మీదికి మాత్రమే పడాలి. గట్టంతా ఫ్లడ్‌లైట్లు పెడితే పురుగులూ గబ్బిలాలూ చెదిరిపోతాయి.

కాబట్టి సైకిళ్లను ఆపమని ఉత్తరం రాసినవారికి నా విన్నపం ఇది. ఆ డిమాండ్ మార్చండి. మలుపుల దగ్గర పొదల్ని మనిషి నడుము ఎత్తుకి కత్తిరించమనండి, గుడ్డి మలుపులకీ వంతెనలకీ ముందు వేగం గంటకి పది కిలోమీటర్లకి మించకూడదని పెద్ద అక్షరాలతో నేల మీదే రాయించమనండి, హ్యాండిల్ తిప్పి నడిపే బండ్లని లోపలికి రానివ్వొద్దనండి, వాన తర్వాత బురద తీయించమనండి. ఆ అర్జీ మీద నడిచేవాళ్లతో పాటు సైకిల్ తొక్కేవాళ్ల సంతకాలు కూడా నేను తీసుకొస్తాను, మొదటి సంతకం నాదే.

ఇట్లు,
ఆ బాటనే రోజూ వాడే ఒక పాఠకుడు