ఆసుపత్రి వీధి హోటళ్లలో ఒక టోకెన్ ఎక్కువ కొందాం

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఏడాది మా నాన్నగారికి కాలు విరిగితే గుంటూరు పెద్దాసుపత్రిలో 18 రోజులు ఉన్నాం. ఈ ఉత్తరం వైద్యం గురించి కాదు, వైద్యం బాగా జరిగింది, నాన్న ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నారు. నేను రాస్తున్నది తిండి గురించి. అదీ రోగి తిండి గురించి కాదు. మంచం మీద ఉన్న మనిషికి ఆసుపత్రి భోజనం పెడుతుంది. ఆ మంచం పక్కన నేల మీద చాప వేసుకుని పడుకున్న మనిషికి తన తిండి తానే చూసుకోవాలి.

మా పక్క మంచం ఆయనది మాచర్ల దగ్గర పల్లెటూరు. తోడుగా భార్య వచ్చింది. నాలుగు రోజులు గడిచాక గానీ నేను గమనించలేదు, ఆవిడ తనకంటూ ఏమీ కొనుక్కోవడం లేదు, భర్త తినగా ప్లేటులో మిగిలిందే తింటోంది. ఆయన కోలుకుంటున్న కొద్దీ ఆకలి పెరిగింది, మిగిలేది తగ్గింది. అలాంటి పూట ఆవిడ టీలో నాలుగు బిస్కెట్లు ముంచుకుని తిని, నీళ్లు తాగి పడుకునేది. అడిగితే "ఇంటికాడ బియ్యం ఉన్నాయమ్మాయ్, ఇక్కడ పొయ్యేదీ" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మన దగ్గర ఆకలి మాట ఎత్తగానే రేషన్ ఇస్తున్నారు కదా అనేస్తాం. నిజమే, 2023 జనవరి నుంచి కార్డుదారులకు మనిషికి నెలకు 5 కిలోల బియ్యం పైసా తీసుకోకుండా ఇస్తున్నారు, తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. వాటివల్ల ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది, ఆ సంగతి నేను కాదనను. కానీ ఆ బియ్యం ఇంట్లో డబ్బాలో ఉంటాయి, మనిషేమో వంద కిలోమీటర్ల అవతల ఆసుపత్రి వరండాలో ఉంటుంది. కూలి మానుకుని వచ్చిన వాళ్లు వీళ్లంతా. బస్సులకీ ఆటోలకీ, బయట కొనమని రాసిచ్చిన వాటికీ చేతిలో డబ్బు అయిపోతుంటే ముందు తగ్గించుకునేది తమ తిండే, ఎందుకంటే అది తగ్గించినా ఎవరికీ కనపడదు.

అన్న క్యాంటీన్ లేదా అని అడుగుతారు. ఉంది. 2018లో మొదలై మధ్యలో మూతపడి, 2024 ఆగస్టు 15 నుంచి మళ్లీ తెరుచుకున్న ఆ క్యాంటీన్లలో పూటకు 5 రూపాయలే, నేనూ రెండుసార్లు అక్కడే తిన్నాను, వేడిగా శుభ్రంగా పెట్టారు. కానీ దానికి వేళలు ఉన్నాయి. మధ్యాహ్నం మూడు దాటితే కట్టేస్తారు. ఎక్స్‌రే దగ్గర మన పేరు ఎప్పుడు పిలుస్తారో, డాక్టరు రౌండ్స్‌కి ఎప్పుడు వస్తారో తెలియక మంచం దగ్గరి నుంచి కదలడానికి భయపడే మనిషికి ఆ వేళలు కుదరవు. పైగా మేం ఉన్నప్పుడు ఆదివారం సెలవు. ఆదివారం అంటే ఊళ్లో హోటళ్లలో కుర్చీ దొరకని రోజు. హైదరాబాద్‌లో 2022లో 18 సర్కారు ఆసుపత్రుల దగ్గర రోగుల తోడు వచ్చినవాళ్ల కోసమే 5 రూపాయల భోజనం మొదలుపెట్టారు, ఆ ఆలోచన చేసినవాళ్లకు దండం పెట్టాలి. అన్ని ఊళ్లకూ అది వచ్చేదాకా ఏం చేద్దాం అన్నదే నా ప్రశ్న.

అలాంటి ఒక ఆదివారం మూడున్నరకి బలవంతం చేసి మా పక్క మంచం ఆవిడను ఎదురు వీధిలో మీల్స్ హోటల్‌కు తీసుకెళ్లాను. అంతకుముందు రెండుసార్లు పార్సిల్ తెచ్చి ఇస్తే వద్దంటే వద్దని, చివరికి భర్త కోసం అని తీసుకుంది. హోటల్ గుమ్మం దగ్గర ఆగి చెప్పులు బయట విడవాలా అని అడిగింది. లోపల చేతులు ఒళ్లో పెట్టుకుని ముడుచుకుని కూర్చుంది. మొదట వడ్డించిన అన్నం అయిపోయింది, పప్పూ గోంగూరా ఇంకా ప్లేటులో ఉన్నాయి, అయినా మారు అన్నం అడగలేదు, డబ్బులు నావి కదా మరి. వడ్డించే పెద్దాయనకు ఆ సంగతి తెలియదు. బేసిన్ పట్టుకుని వచ్చి "ఇంకాస్త వెయ్యనా అమ్మా" అంటూనే, ఆవిడ నోరు తెరిచేలోపు రెండు హస్తాలు వేసి పక్క టేబుల్‌కు వెళ్లిపోయాడు. ఆయన దృష్టిలో ఆవిడ భోజనానికి వచ్చిన మనిషి. ఆ తర్వాత ఆవిడ చారు పోయించుకుంది, పెరుగు అడిగి మరీ వేయించుకుంది.

నాకు అప్పుడు తట్టింది. హోటల్లో అన్నీ ఉన్నాయి. పొద్దున ఆరింటికే పొయ్యి వెలుగుతుంది, రాత్రి పదింటిదాకా ఏదో ఒకటి దొరుకుతుంది, కుర్చీ ఉంది, కుళాయి ఉంది, వడ్డించే చెయ్యి ఉంది. లేనిదల్లా ఆ ఒక్క భోజనానికి డబ్బు కట్టే మనిషి. అక్కడే పక్క టేబుళ్ల దగ్గర కూర్చుని తింటున్న మనలో చాలామంది ఆ డబ్బు కట్టగలం, ఎవరైనా ఒక దారి చూపిస్తే సంతోషంగా కడతాం కూడా.

ఆ దారి కేరళలో కోజికోడ్ వాళ్లు 2015లోనే చూపించారు. అప్పటి జిల్లా కలెక్టర్ ప్రశాంత్ నాయర్, అక్కడి హోటల్ యజమానుల సంఘం కలిసి ఆపరేషన్ సులైమానీ అని మొదలుపెట్టారు. సులైమానీ అంటే మలబారు వైపు తాగే పాలు లేని టీ. హోటళ్లలో డబ్బాలు పెట్టారు, తిన్నవాళ్లు తోచింది అందులో వేసేవారు. ఆకలిగా ఉన్నవాళ్లు విలేజ్ ఆఫీసు లాంటి చోట్ల కూపన్ తీసుకుని, పథకంలో చేరిన హోటల్‌కు వెళ్లి అందరితో పాటు కూర్చుని తినేవారు. నువ్వు ఎవరివి, ఎందుకు కావాలి అనే విచారణ ఉండేది కాదు. ఆ కూపన్ల లెక్క ప్రకారం హోటల్‌కు డబ్బు అందేది. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది, డబ్బు వేసే మనిషీ తినే మనిషీ ఎదురుపడరు. తిరుమలలోనూ 1985 నుంచి జరుగుతున్నది అదే కదా, దాతల డబ్బుతో వండుతారు, ఒకే బంతిలో అందరం కూర్చుంటాం, ఎవరి డబ్బుతో ఎవరు తింటున్నారో ఎవరికీ తెలియదు, ఎవరూ తలవంచుకోరు.

మన దగ్గర ఇది ఇంకా సులువు, ఎందుకంటే మనకు టోకెన్ అలవాటు ఉంది. టిఫిన్ సెంటర్లో ముందు గల్లా పెట్టె దగ్గర డబ్బు కట్టి టోకెన్ తీసుకున్నాకే ఇడ్లీ ఇస్తారు. ఆ ముందు కట్టే చోటే ఒక టోకెన్ ఎక్కువ కొని అక్కడే వదిలేసి వెళ్లొచ్చు. మీల్స్ మొత్తం కొనలేనివాళ్లు ఒక ప్లేటు ఇడ్లీకి కట్టండి, అదీ కాకపోతే డబ్బాలో పది రూపాయలు వేయండి, ఫోన్‌తో కట్టేవాళ్లకు విడిగా ఒక క్యూఆర్ కోడ్ అతికిస్తే సరిపోతుంది. పోగైన టోకెన్లు హోటల్ కుర్రాడు సాయంత్రం వార్డులో సిస్టర్ గారికో, ఆరోగ్యమిత్ర కౌంటర్‌కో ఇచ్చి రావాలి. ఎవరు తినకుండా పడుకుంటున్నారో సిస్టర్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, మా వార్డు సిస్టర్ తన టిఫిన్ బాక్సులోంచి తీసి పెట్టడం నేనే చూశాను. టోకెన్ ఇవ్వడానికి ఆధార్ జిరాక్స్ అడగొద్దు, కార్డు చూపించమనొద్దు. ఆ టోకెన్ పట్టుకుని వచ్చినవాళ్లకు విడిగా బెంచీ వేయొద్దు, విడిగా వండొద్దు, మారు వడ్డించడం మానొద్దు. ఈ చివరి మాట గురించి మాత్రం నేను ఎవరితోనైనా పోట్లాడతాను.

మరో సంగతి కూడా చెప్పాలి. ఈ మధ్య ఒక పెద్ద రెస్టారెంట్‌కు కుటుంబంతో వెళితే బిల్లులో చారిటీ అని 20 రూపాయలు కలిపి ఉంది. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఏ చారిటీ అని అడిగితే క్యాషియర్ కుర్రాడికి తెలియదు, మేనేజర్ వచ్చి కావాలంటే తీసేస్తాం మేడమ్ అన్నాడు. తీసేయమంటే పిసినారిలా కనపడతామేమో అని నలుగురిలో నోరు మూసుకుని కట్టేశాం. నాకు 20 రూపాయల బాధ లేదు, అడక్కుండా తీసుకున్నందుకు బాధ. ఇలా చేస్తే నిజంగా అన్నం పెట్టే హోటల్‌నీ జనం నమ్మడం మానేస్తారు. సర్వీస్ చార్జీని బిల్లులో దానంతట అదే కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. దానం విషయంలోనూ అదే పద్ధతి ఉండాలి, ముందు నోటితో అడగాలి, కడతామన్నవాళ్ల చేతే కట్టించుకోవాలి, కట్టనివాళ్లను మళ్లీ అడగకూడదు. ప్రతి హోటల్లో నేటి స్పెషల్ అని రాసే బోర్డు ఉంటుంది కదా, దాని కిందే నిన్న ఎన్ని టోకెన్లు వచ్చాయి, ఎన్ని వాడారు, ఎన్ని మిగిలాయి అని సుద్దముక్కతో రాస్తే అంతకు మించిన ఆడిట్ అక్కర్లేదు.

ఫొటోలు వద్దు. దయచేసి వద్దు. మేం ఉన్నప్పుడు ఒక బృందం వచ్చి వరండాలో పులిహోర పొట్లాలు పంచారు, మంచి మనసుతోనే వచ్చారు, కాదనను, కానీ పొట్లం ఇచ్చే చెయ్యీ తీసుకునే చెయ్యీ కలిసి ఫొటోలో పడేదాకా వదల్లేదు. మా పక్క మంచం ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చేసింది, ఆ రోజు ఆ పొట్లం తీసుకోలేదు.

మిగిలిపోయిన తిండి ఇవ్వొచ్చు కదా అని కొందరు అంటారు. ఇవ్వాలి, అది వేరే పని. 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్ హుడ్ ఆర్మీ లాంటి వాళ్లు హోటళ్లలో మిగిలినవి తీసుకెళ్లి పంచుతున్నారు, డబ్బు విరాళం తీసుకోరు, చాలా ఊళ్లలో కుర్రాళ్లు ఆఫీసులయ్యాక ఈ పని చేస్తున్నారు. మిగులు ఆహారం ఎలా తీసుకోవాలి, ఎలా పంచాలి అని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2019లో నిబంధనలు కూడా పెట్టింది. కానీ మిగిలితేనే పెట్టేది మిగలని రోజు ఉండదు. టోకెన్ అలా కాదు, డబ్బు ముందే కట్టారు, కాబట్టి ఆ భోజనం ఆ మనిషిది. మన వైపు డొక్కా సీతమ్మ గారి పేరు ఇప్పటికీ చెప్పుకుంటున్నాం, ఆవిడ 1909లోనే పోయినా ఈరోజు ఆవిడ పేరు మీద బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. లంకల గన్నవరంలో ఆవిడ ఇంటికి ఏ వేళప్పుడు వచ్చినా విస్తరి వేసేవారని చెబుతారు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు కావలసింది సరిగ్గా ఆ ఏ వేళప్పుడైనా అన్నదే.

ఇదంతా అనుకోవడమే కాదు, ఆ మీల్స్ హోటల్ యజమానితో మాట్లాడాను. ఆయన దాపరికం లేకుండా తన భయాలు చెప్పారు. తాగి వచ్చి గొడవ చేస్తారేమో, రోజూ వచ్చే కస్టమర్లు మొహం చిట్లిస్తారేమో, డబ్బు నేనే తింటున్నానని ఎవరైనా అంటారేమో అని. ఈ మూడోదే ఆయన్ను ఎక్కువ బాధపెడుతున్నట్టు నాకనిపించింది. గ్యాస్ ధర, కూరగాయల ధర, అద్దె అన్నీ చెప్పారు. ఆయన ఉచితంగా పెట్టాలని నేను కోరలేదు, మామూలు రేటే తీసుకోమన్నాను, ఎందుకంటే నష్టానికి చేసే పని రెండు నెలలకే ఆగిపోతుంది. తాగి వచ్చేవాళ్ల సంగతి అంటారా, టోకెన్ వార్డులోంచి వస్తుంది కాబట్టి రోడ్డు మీద పోయేవాళ్లు తెచ్చేది కాదు. కస్టమర్ల సంగతికి నా దగ్గర జవాబు లేదు, మొహం చిట్లించేవాళ్లు ఒకరిద్దరు ఉంటారేమో, కానీ రెండో టోకెన్ కొనేవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉంటారని నా నమ్మకం.

చివరికి ఆయన ఆదివారాలు మాత్రం మొదలుపెట్టి చూద్దాం అన్నారు. బోర్డు, సుద్దముక్కలు నేను కొనిస్తానన్నాను. మొదటి నాలుగు ఆదివారాలకు పది టోకెన్ల చొప్పున మా ఇంట్లోవాళ్లమే కడుతున్నాం, డబ్బా ఖాళీగా కనపడకూడదని. ఆ వార్డు సిస్టర్ గారితో కూడా మాట్లాడాను, టోకెన్లు తన టేబుల్ సొరుగులో పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు.

మీ పత్రికను అడిగేది ఒకటే. ఒంగోలులో, నరసరావుపేటలో, వరంగల్‌లో, ఎక్కడైనా ఆసుపత్రి ఎదురుగా ఉన్న హోటల్ వాళ్లు ఇలాంటి టోకెన్ పెడితే వాళ్ల హోటల్ పేరు, వీధి పేరు జిల్లా పేజీలో రెండు లైన్లు వేయండి. తినేవాళ్ల పేర్లు వద్దు, ఫొటోలు వద్దు. ఇప్పటికే ఎవరైనా ఇలా చేస్తుంటే ఎలా నడుపుతున్నారో, ఎక్కడ ఇబ్బంది వచ్చిందో మీ పేజీలోనే రాయమనండి, మాకు ఈ ఆదివారంలోగా తెలిస్తే చాలా పనికొస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గుంటూరు