ఆ నాణెం మీద ఇంటిపేరు వెతక్కు

ఒరేయ్ ప్రసాదూ,

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. హస్మోనియులు, మక్కబీయులు ఒకళ్లేనా, వేరువేరా? ఆన్‌లైన్‌లో ‘బీద విధవరాలి కాసు’ అని అమ్ముతున్న కంచు నాణెం కొనొచ్చా, కొనకూడదా? రెండూ క్రీస్తుకి ముందు యూదయని ఏలిన ఒకే యూదు ఇంటి గుమ్మం ముందుకి తీసుకెళ్లే ప్రశ్నలే కాబట్టి కలిపే రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చో.

మన పద్ధతిలో చెప్పాలంటే హస్మోనియులనేది వాళ్ల ఇంటిపేరు. మక్కబీ అనేది ఆ ఇంట్లో ఒక్కడి మారుపేరు. క్రీ.పూ. 167లో, సెల్యూకసు వంశపు గ్రీకు రాజు అంతియోకస్ ఎపిఫనీస్ మీద మోదియిన్ ఊళ్లో తిరగబడిన ముసలి యాజకుడు మత్తతీయ. ఆయన ముత్తాత పేరు అసమోనాయుడని ఒకటో శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఒక పుస్తకంలో రాశాడు. అంతకుముందు రాసిన ఇంకో పుస్తకంలో అదే మనిషిని మత్తతీయకి తండ్రిని చేసేశాడు! అసలు అది మనిషి పేరు కాదు, ఊరి పేరు అనేవాళ్లూ ఉన్నారు. మన ఇంటిపేర్లు సగం ఊళ్ల నుంచి వచ్చినవే కాబట్టి అందులో నీకు వింతేం ఉండదు. సంఖ్యాకాండం 33వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు దిగిన మజిలీల్లో హష్మోనా ఉంది, యెహోషువ గ్రంథంలో హెష్మోను ఉంది. ఏదని తేల్చడానికి ఆధారం లేదు.

తమాషా ఏంటంటే, వీళ్ల కథంతా చెప్పే మక్కబీయుల మొదటి గ్రంథంలో హస్మోనియులనే మాట ఎక్కడా లేదు. ఆ ఇంటిపేరు జోసీఫస్‌లోనూ, తర్వాతి రబ్బీల (యూదు మతగురువుల) మాటల్లోనూ, హనుక్కా అనే యూదుల దీపాల పండుగ ప్రార్థనలోనూ మిగిలింది. (ఆ గ్రంథం నీ దగ్గరున్న పరిశుద్ధ గ్రంథంలో దొరకదు. కతోలికుల బైబిల్లో చూడు.)

మారుపేరు సంగతికొస్తే, మత్తతీయ కొడుకులు ఐదుగురికీ ఒక్కోటి ఉంది. యోహాను గద్ది, సీమోను తస్సి, యూదా మక్కబీ, ఎలియాజరు అవరాన్, యోనాతాను అప్ఫూస్. మక్కబీ అంటే సుత్తి అని ఒక వాదన. ‘దేవుళ్లలో నీవంటివాడెవడు’ అనే నిర్గమకాండం వాక్యంలోని మాటల మొదటి అక్షరాలు కూర్చితే వచ్చింది అని ఇంకో వాదన. హీబ్రూలో ‘క’లు రెండు. సుత్తికి గొంతు లోపలి నుంచి పలికే క కావాలి, వాక్యానికి మామూలు క కావాలి. మూల హీబ్రూ గ్రంథం పోయింది, గ్రీకు అనువాదమే మిగిలింది. గ్రీకులో ఉన్న అక్షరం మాత్రం సుత్తి వైపే మొగ్గుతుంది. నా ఓటూ దానికే. వాక్యం కథ తర్వాత భక్తితో అల్లినట్టుంటుంది.

ఎలియాజరు సంగతి ఒక్కటి చెప్పి ముందుకెళ్తా. బేత్ జెకర్యా యుద్ధంలో సెల్యూకసు వంశపు సైన్యం 32 ఏనుగుల్ని దించింది. వాటిని రెచ్చగొట్టడానికి ముందు ద్రాక్షరసం, మల్బరీపళ్ల రసం చూపించారట. ఒకదాని మీద రాజే ఉన్నాడనుకుని ఎలియాజరు దాని కడుపు కిందికి దూరి పొడిచాడు, అది మీద పడి చచ్చాడు. ఆ ఏనుగుల మీద కూర్చున్న మావటివాళ్లు ఎవరో తెలుసా? ‘హిందూదేశపువాడు’ అని గ్రంథమే చెబుతోంది. మనవాళ్లు అవతలి పక్షాన ఉన్నారన్నమాట!

ఇక గందరగోళమంతా మొదలయ్యేది రాజులైన తర్వాత. అన్నదమ్ముల్లో చివరికి మిగిలిన సీమోనుకి క్రీ.పూ. 140లో జనసభ ప్రధాన యాజకత్వం, నాయకత్వం రెండూ ‘నమ్మదగిన ప్రవక్త ఒకడు వచ్చేవరకు’ అనే షరతుతో కట్టబెట్టింది. ఆ షరతు గుర్తుపెట్టుకో, పనికొస్తుంది. అతని వంశంలో ఒక్కొక్కళ్లకీ రెండేసి పేర్లు, ఇంట్లో హీబ్రూ, బయట గ్రీకు. యోహానే హిర్కానస్. అతని కొడుకు యూదాయే అరిస్టోబులస్. అరిస్టోబులస్ తమ్ముడు యోనాతానే అలెగ్జాండర్. యన్నై అనేది యోనాతానుకి పొట్టి రూపం. అతని భార్య షెలామ్‌సియోన్, అంటే సీయోను శాంతి, గ్రీకులో అలెగ్జాండ్ర. చివరి రాజు మత్తతీయే ఆంటిగోనస్. నువ్వు చదువుతూ తికమకపడింది ఇక్కడే. ఈ ఐదు జంటలూ ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టుకో, సగం చిక్కు వీడిపోతుంది. మిగతా సగం తాతల పేర్లు మనవలకి పెట్టే అలవాటు వల్ల వచ్చింది, దానికి మందు లేదు.

రాజు అనే బిరుదు మొదట తగిలించుకున్నది అరిస్టోబులస్ అని జోసీఫస్, కాదు యన్నై అని గ్రీకు భూగోళకారుడు స్ట్రాబో. ఎవరైతేనేం, పెద్ద గొడవ దాంతోనే. వీళ్లు యాజకులు, లేవీ గోత్రం. కిరీటం యూదా గోత్రంలో దావీదు ఇంటిది. పైగా బలి ఇచ్చే చేత్తోనే కత్తి పట్టడమా? పర్ణశాలల పండుగనాడు యన్నై బలిపీఠం దగ్గర నిలబడితే జనం చేతుల్లోని మాదీఫలాలు విసిరికొట్టారు. ఆ అల్లర్లలో ఆరువేలమందిని చంపించాడని జోసీఫస్ లెక్క. యాజకత్వం ఎంత ముఖ్యమో చూడు: క్రీ.పూ. 40లో ఆంటిగోనస్ గెలిచాక సొంత పెదనాన్న హిర్కానస్‌ని (పైన చెప్పిన యోహాను కాదు, అదే పేరున్న రెండోవాడు) చంపలేదు, చెవులు తెగ్గొట్టించాడు. అంగలోపం ఉంటే ప్రధాన యాజకుడిగా పనికిరాడుగా! మూడేళ్లకి ఆంటిగోనస్ తలే పోయింది. రోమా అండతో రాజైన హేరోదు ఆ ఇంటి పిల్ల మరియమ్నెని పెళ్లి చేసుకుని, ఆమె తమ్ముణ్ణి యెరికో కొలనులో ముంచించి, తాతని, ఆమెని, చివరికి ఆమెకి తనకి పుట్టిన ఇద్దరు కొడుకుల్ని కూడా చంపించాడు.

రబ్బీల మాటల సంకలనమైన తల్మూదులో అందుకే ఒక మాట ఉంది: ‘నేను హస్మోనియుల ఇంటివాణ్ణి’ అని ఎవడైనా చెప్పుకుంటే వాడు బానిస అని. అసలు వంశం ఏదీ మిగల్లేదు, మిగిలింది ఆ ఇంటి బానిస అని తల్మూదు చెప్పే హేరోదు సంతానమే అని దెప్పడం. ఆ మాటకి జోసీఫస్ ఏమనేవాడో! తన తల్లి వైపు ఆ వంశమేనని అతను గొప్పగా రాసుకున్నాడు మరి.

ఇంటిపేరుకి అంత అపకీర్తి వచ్చింది, మారుపేరు మాత్రం బతికిపోయింది. 1921లో యూదుల వ్యాయామ సంఘాలన్నీ కలిసి మక్కబీ పేరుతో ప్రపంచ సమాఖ్య కట్టాయి, 1932లో టెల్ అవీవ్‌లో మక్కబియా ఆటలు మొదలయ్యాయి. యెరూషలేములో గ్రీకు వ్యాయామశాల కట్టడాన్ని పెద్ద పాపంగా చెప్పేది మక్కబీయుల గ్రంథాలే అని ఆ సంఘాలకి గుర్తుందో లేదో. ఇప్పటి ఉక్రెయిన్‌లోని ల్వూవ్ నగరంలో ఒక ఫుట్‌బాల్ జట్టు మాత్రం, 1908లో పుట్టింది, హస్మోనియా అని పెట్టుకుంది.

కానీ నన్నడిగితే అసలు వారసత్వం ఇవేవీ కాదు, పిల్లలకి పెట్టిన పేర్లు. ఆ కాలపు సమాధి పెట్టెల మీద, శాసనాల్లో దొరికిన పేర్లు లెక్కేస్తే మగవాళ్లలో సీమోను ముందుంటుంది, ఆడవాళ్లలో మరియ, సలోమి మొదటి రెండు. సలోమి అంటే ఆ షెలామ్‌సియోన్‌కి పొట్టి రూపమే. లూకా జాబితాలో పన్నెండుమంది శిష్యుల్ని తీసుకో: సీమోనులు ఇద్దరు, యూదాలు ఇద్దరు, ఒక యోహాను, ఒక మత్తయి. మత్తతీయ, అతని కొడుకుల పేర్లు ఆరుగురికి! గుంటూరు జిల్లాలో ఏ చర్చికి వెళ్లి ఈ పేర్లు పిలిచినా ఎవరో ఒకరు తల తిప్పుతారు. యోహాను సువార్త 10వ అధ్యాయంలో శీతకాలంలో జరిగే ‘ఆలయ ప్రతిష్ఠిత పండుగ’ అని చదివి దాటేస్తాం చూడు, అది క్రీ.పూ. 164లో యూదా మక్కబీ ఆలయాన్ని శుద్ధి చేసిన రోజు, హనుక్కా. ఒక రోజుకి సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిందనే కథ మక్కబీయుల గ్రంథాల్లో లేదు, తల్మూదులో వస్తుంది. కొంకణ తీరపు బెనె ఇశ్రాయేలు యూదులకి పూర్వం ఈ పండుగే తెలియదట. వాళ్ల కులవృత్తేమో నూనె గానుగ, శనివారం గానుగ కట్టరని ‘శనివారం తేలీలు’ అనేవాళ్లు!

సరే, నీ కాసు. మార్కు 12వ అధ్యాయంలో బీద విధవరాలు ఆలయ కానుక పెట్టెలో వేసిన రెండు కాసులు గ్రీకులో రెండు లెప్టాలు, అంటే అతి చిన్న చిల్లర నాణేలు. అవి ఏ రాజు కొట్టించినవో మార్కు చెప్పలేదు. యన్నై చిల్లర లెక్కలేనంత కొట్టించాడు, అది అతని తర్వాత కూడా చాలా ఏళ్లు చేతులు మారింది, అందుకే అమ్మేవాళ్లు ఆ పేరు తగిలిస్తారు. కాబట్టి ‘విధవరాలి’ అన్న మాటకి డబ్బులు పెట్టకు, ‘యన్నై’ అన్న మాటకి పెట్టు.

చూడాల్సింది ఇది. ఒకవైపు లంగరు, చుట్టూ గ్రీకులో ‘రాజు అలెగ్జాండర్‌ది’. ఇంకోవైపు ఎనిమిది కిరణాల నక్షత్రం, కిరణాల మధ్య పాత హీబ్రూ అక్షరాల్లో ‘యెహోనాతాను రాజు’. మనిషి ముఖం ఉండదు, పది ఆజ్ఞల భయం. హస్మోను అని, మక్కబీ అని ఉందంటే మారు మాట్లాడకుండా వదిలెయ్. యన్నైవే ‘రాజు’ అన్న నాణేల మీద ‘ప్రధాన యాజకుడు’ అని మళ్లీ ముద్ర కొట్టినవి దొరుకుతాయి. సీమోను నాటి షరతు, ఆ మాదీఫలాలు గుర్తొస్తాయి నాకు అవి చూస్తే.

బరువు ఒక గ్రాము అటూ ఇటూ, చివరి రకాలైతే అర గ్రాము కూడా ఉండవు. మెత్తటి సుద్దరాయిలో వరసగా గుంటలు తొలిచి, మధ్యలో కాలువలు కలిపి, కరిగిన కంచు పోసేవాళ్లు. ఆ పట్టీ మీద ముద్ర కొట్టి, బిళ్లలు ఉలితో విడగొట్టేవాళ్లు. అందుకే అసలు నాణేనికి ఎదురెదురుగా రెండుచోట్ల తెగ్గొట్టిన అంచు ఉంటుంది. చాలామంది అది చూసి పోత పోసిన నకిలీ అనుకుంటారు, పొరపాటు. నకిలీని పట్టిచ్చేది అంచు కాదు, ముద్ర ఉన్న వైపు: అక్షరాలు కరిగిన సబ్బులా మెత్తబడి ఉండటం, మీద గాలి బుడగల సన్నటి గుంటలు. అక్షరాలు సగమే ఉన్నాయని కంగారుపడకు, ముద్ర అచ్చు బిళ్లకన్నా పెద్దది కాబట్టి సగం ఎప్పుడూ బయటే పడుతుంది. అన్నీ నిండుగా, మధ్యకి కుదిరి, చవగ్గా దొరికితేనే అనుమానించు.

కొన్నాక మీ అమ్మగారి ఇత్తడి చెంబులా చింతపండుతో తోమకు. పులుపు పైపొరని తినేస్తుంది, అక్షరాలూ దాంతోనే పోతాయి. వైజాగ్ గాలిలో తేమ ఎక్కువ. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే అది తుప్పు రోగం, లోపలి ఉప్పు తేమతో కలిసి కంచుని తొలిచేస్తోందని అర్థం. అలాంటిది అసలు కొనకు. మంచిదైతే చిన్న డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లం పక్కన పెట్టి మూసిపెట్టు.

రెండువైపులా ఫొటోలు, అంచు ఫొటో, బరువు అడిగి తెప్పించి నాకు పంపు. డబ్బు మాత్రం అప్పటిదాకా కట్టకు.

నీ
మూర్తి