ఈ ఏడు కాలేజీలో చేరిన పిల్లల కోసం

అందరికీ నమస్తే. స్కాలర్‌షిప్‌కీ, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కీ అప్లై చేసే రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈపాస్ సంగతి మీకు తెలిసిందే, దాని గురించి మళ్ళీ చెప్పను. అమ్మాయిలకి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ) వాళ్ళ ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, మన గ్రూపులో ఎవరూ దాని ఊసే ఎత్తలేదు! ఏఐసీటీఈ గుర్తింపున్న కాలేజీలో బీటెక్ గానీ డిప్లొమా గానీ మొదటి సంవత్సరం చదువుతుండాలి. లాటరల్ ఎంట్రీ, అంటే నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్ళయితే, రెండో సంవత్సరం. ఇంటి ఆదాయం 8 లక్షలు దాటకూడదు. ఏడాదికి 50,000 వస్తాయి, ఒకే ఇంట్లో ఇద్దరికి కూడా ఇస్తారు.

ఇంటర్‌లో మంచి మార్కులొచ్చినవాళ్ళకి కేంద్రం సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఇస్తుంది. డిగ్రీలో ఏడాదికి 12,000, ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండాలి. మెలిక ఏంటంటే, ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటే ఇది రాదు. ఏది లాభమో లెక్కేసుకోండి. రెండింటికీ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే అప్లై చేయాలి.

బ్యాంకులో ఆధార్ ఇచ్చేశాం కదా అని ఊరుకోకండి. ఏ ఖాతాకి ఆధార్ సీడింగ్ అయితే, అంటే స్కాలర్‌షిప్ డబ్బుల కోసం ఏ ఖాతాని ఆధార్‌తో జతచేస్తే, డబ్బు అందులోనే పడుతుంది. మావాడి డబ్బులు ఎప్పుడో మర్చిపోయిన పాత ఖాతాలో పడ్డాయి, మూడు నెలలు వెతుక్కున్నాం.

ఆదాయం సర్టిఫికెట్‌కి మీసేవలో ఇప్పుడే పెట్టేయండి. ఫారం నింపడం రానివాళ్ళు ఆదివారం పొద్దున మా ఇంటికి రండి, ఓటీపీ వచ్చే ఫోన్ మర్చిపోకుండా తెచ్చుకోండి.